‘విప్పరాదు’ అనే మాట తెగిన చోట

కోవిడ్ తర్వాత మా కంపెనీలో రెండు షిఫ్టులూ మళ్ళీ పూర్తిగా నడవడం మొదలైన ఏడాది, ఎండలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో, నాకొక ఆఫీసు ఉత్తర్వు వచ్చింది. కడప వైపు సున్నపురాయి గనుల వాళ్ళు కొనబోతున్న డ్రిల్లు యంత్రానికి మెయింటెనెన్స్ ట్రయల్ జరుగుతుంది, దానికి సాంకేతిక ప్రచురణల విభాగం తరఫున హాజరు కావాలి అని. అప్పుడు నేను ఆ విభాగంలో డిప్యూటీ మేనేజర్ని. తెలుగు చదవడం వచ్చినవాళ్ళు అందులో నేనొక్కదాన్నే కాబట్టి నన్ను వేశారు.

మాది బంగారుపేటకూ కేజీఎఫ్‌కూ మధ్య ఉన్న ఒక ప్రైవేటు ఫ్యాక్టరీ. బండల్లో పేలుడు మందు దట్టించడానికి లోతైన రంధ్రాలు వేసే యంత్రాలు చేసేవాళ్ళం. అవి ట్యాంకుల్లాగా ఇనుప గొలుసు పట్టాల మీద నడుస్తాయి. యంత్రం కొన్నవాడికి దాంతోపాటు మూడు పుస్తకాలు ఇవ్వాలి: నడిపే విధానం, మరమ్మతు విధానం, విడిభాగాల పట్టిక. ఆ పుస్తకాలు తయారు చేయడమే మా విభాగం పని. మా నాన్న కేజీఎఫ్ బంగారు గనుల్లో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని చేసినవాడు. ఆయన కూతురు యంత్రాల గురించి పుస్తకాలు రాస్తుందంటే మా కాలనీలో చాలామందికి అదేం ఉద్యోగమో అర్థమయ్యేది కాదు. ‘కూతురు ఫ్యాక్టరీలో టైపు కొడతాది’ అని నాన్నే చెప్పేవాడు. నేను దిద్దేదాన్ని కాదు.

మెయింటెనెన్స్ ట్రయల్ అంటే ఏమిటో చెప్పాలి. కొనేవాళ్ళు తమ ఫిట్టర్లను మా ఫ్యాక్టరీకి తెస్తారు. యంత్రాన్ని వాళ్ళకు అప్పగించి, చేతిలో మరమ్మతు పుస్తకం పెడతారు. పుస్తకం చెప్పినట్టు వాళ్ళు విప్పాలి, బిగించాలి. మా వాళ్ళందరూ నేల మీద గీసిన పసుపు గీత వెనక నిలబడాలి. నోరు విప్పకూడదు, సైగ చేయకూడదు. చేస్తే ట్రయల్ పోయినట్టే. యంత్రం మంచిదా కాదా అన్నది వేరే పరీక్ష. దీనిలో పరీక్ష పుస్తకానికి.

ఆ పుస్తకం ఇంగ్లీషు మూలం మా విభాగం రాసింది. తెలుగు అనువాదం, పేజీల కూర్పు మాత్రం కొనుగోళ్ళ శాఖ బెంగుళూరులోని ఒక ఏజెన్సీకి ఇచ్చింది. ఆ ఏడాది మా విభాగాన్నే ఎత్తేసి పనంతా ఆ ఏజెన్సీకి అప్పగించాలన్న ఆలోచన పై అధికారుల్లో నడుస్తూ ఉంది. విభాగంలో మిగిలింది నేనూ, పేజీలు కూర్చే సెల్వరాజూ. తెలుగు పుస్తకాన్ని మేమిద్దరం మొదటిసారి చూసింది ట్రయల్ రోజునే.

గనుల తరఫున వచ్చిన పెద్ద మనిషి నరసింహులు అనే మెకానికల్ ఇంజనీరు. ఆయన వెంట ఇద్దరు ఫిట్టర్లు, ఓబులేసు, పెంచలయ్య. ఓబులేసు పుస్తకం పట్టుకుని పైకి చదువుతాడు. పెంచలయ్య పనిముట్టు పట్టుకుని చేస్తాడు. గనుల్లో వాళ్ళు ఎప్పుడూ అలాగే చేస్తారట. పక్క షెడ్డులో కంప్రెసర్ మోగుతోంది. ఓబులేసు గొంతు పెంచి చదువుతున్నాడు. మధ్యాహ్నం దాకా అంతా బాగానే జరిగింది.

తర్వాత గొలుసు పట్టా బిగువు తగ్గించే పని వచ్చింది. ఆ బిగువును పట్టి ఉంచేది ఒక సిలిండర్‌లో విపరీతమైన ఒత్తిడి మీద ఉండే గ్రీజు. దానికి ఒక చిన్న వాల్వు ఉంటుంది. ఒక్క చుట్టు విప్పితే గ్రీజు నెమ్మదిగా బయటికి వస్తుంది, పట్టా వదులవుతుంది. ఎక్కువ విప్పితే వాల్వే ఎగిరి వస్తుంది. ఆ గ్రీజు ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు. మా పుస్తకంలో ఇంతకంటే ప్రమాదమైన మెట్టు లేదు.

ఏజెన్సీ పేజీలో బొమ్మ ఒక పక్క, సన్నటి నిలువు వరుసలో అక్షరాలు ఒక పక్క. ఆ పేజీ ఆఖరి లైను ‘వాల్వును ఒక చుట్టుకు మించి విప్ప’ అన్న చోట అయిపోయింది. ‘రాదు’ అన్న ముక్క వెనక పేజీలో పడింది. ఓబులేసు ‘విప్ప’ దాకా చదివి పేజీ తిప్పబోయాడు. వేళ్ళకు గ్రీజు, పేజీలు అతుక్కున్నాయి. మాటమాటకీ ‘అప్పా’ అని పలకడం వాళ్ళకు అలవాటు. పొద్దుటినుంచీ అతను ‘బిగించప్పా’, ‘ఎత్తప్పా’ అంటూనే ఉన్నాడు. కంప్రెసర్ మోతలో పెంచలయ్యకు ఆ సగం మాట ‘విప్పప్పా’ అని వినిపించింది.

అతను విప్పాడు. పసుపు గీత వెనక మా నోళ్ళు ఒక్కసారే తెరుచుకున్నాయి. మేము అరిచేలోపే వాల్వు ఊడి రేకు గోడకు తగిలింది, గ్రీజు ఈల వేసినట్టు చప్పుడు చేస్తూ చిమ్మింది. పెంచలయ్య పక్కకు ఒరిగి కూర్చుని ఉన్నాడు కాబట్టి బతికిపోయాడు. చొక్కా చేయి మాత్రం పాడైంది. అతను లేచి నిలబడి ఓబులేసును అడిగిన మాట నాకింకా చెవుల్లో ఉంది.

“ఏమప్పా, నువ్వే కదా విప్పమన్యావు?”

“నేను విప్పరాదని చెప్తా ఉండా. రాదు అనేది ఈ పక్క ఉండాది, చూడు.” ఓబులేసు పేజీ తిప్పి చూపించాడు.

నరసింహులు గారు ట్రయల్ ఆపేశారు. ఆయన కోప్పడలేదు. యంత్రం మీద మాకు అభ్యంతరం లేదు, ఈ పుస్తకంతో మా మనుషుల చేతికి యంత్రం ఇవ్వలేం, ఇంకొక్క అవకాశం ఇస్తాం అని చెప్పి వెళ్ళిపోయారు.

మా జనరల్ మేనేజర్ శ్రీకంఠయ్యగారు కోలారు మనిషి, ఇంట్లో తెలుగే మాట్లాడేవారు. మరుసటి రోజు మీటింగులో ఏజెన్సీ మనిషి ఇది చాలా చిన్న విషయమన్నాడు. లైను తెగిన చోటల్లా ఎంటర్ కొట్టి మాటను కిందికి దించేస్తే సరిపోతుందట. రెండు రోజుల్లో అలాగే దిద్ది పంపాడు కూడా. చూడడానికి పేజీలు శుభ్రంగానే ఉన్నాయి. ఇంతలో గనులవాళ్ళు పుస్తకం యంత్రం క్యాబిన్‌లో ఉండే చిన్న పెట్టెలో పట్టేంత చిన్న సైజులో కావాలన్నారు. పేజీ వెడల్పు తగ్గించగానే చేత్తో కొట్టిన ఎంటర్లన్నీ లైన్ల మధ్యకు వచ్చి పడ్డాయి. రెండు మాటలకొక లైను, సగం మాటకొక లైను. ముందున్నదానికంటే అధ్వానమైంది.

అప్పుడు నేను శ్రీకంఠయ్యగారి గదికి వెళ్ళి, ఈ పుస్తకం మా విభాగానికి ఇవ్వమని అడిగాను.

“ఒక ఎంటర్ కొట్టేదానికి ఇంత గలాటా ఎందుకమ్మా?” అన్నారాయన.

ఎంటర్ కొట్టడమే తప్పు పద్ధతి అని చెప్పాను. పేజీ సైజు, అక్షరం సైజు, మధ్యలో చేర్చిన ఒక్క మాట, ఏది మారినా లైన్లన్నీ జరుగుతాయి. ఎక్కడ తెగాలో చేత్తో చెప్పడం కాదు, ఎక్కడ తెగకూడదో సాఫ్ట్‌వేర్‌కు ముందే చెప్పి పెట్టాలి. ఆయన పెన్ను మూత పెట్టి, “సరే తీసుకోండి. ఇది కూడా పోతే మీ డిపార్ట్‌మెంట్ గురించి ఇంగ నేనేమీ మాట్లాడలేను. తెలిసిందా?” అన్నారు. తెలిసిందన్నాను.

సెల్వరాజు తమిళుడు. కేజీఎఫ్‌లో పుట్టినవాడు కాబట్టి తెలుగు, కన్నడం ధారాళంగా మాట్లాడతాడు, తెలుగు అక్షరం మాత్రం చదవలేడు. సాఫ్ట్‌వేర్ అతను చూశాడు, భాష నేను చూశాను.

సాఫ్ట్‌వేర్ లైనును ఎలా తెంచుతుందో తెలియనివాళ్ళకు రెండు మాటలు. అది మాటల్ని వరుసగా పేర్చుకుంటూ పోయి, చోటు అయిపోగానే దగ్గర్లో ఉన్న ఖాళీ దగ్గర తెంచుతుంది. ఇంగ్లీషు మాటను మధ్యలో విరవాలంటే ఎక్కడ విరవాలో దానికొక నిఘంటువు ఉంటుంది. తెలుగుకు మా దగ్గరున్న సాఫ్ట్‌వేర్‌లో అలాంటిది లేదు. పైగా మనం ‘ట్రాక్‌రోలర్’ లాంటి మాట రాసేటప్పుడు పొల్లు ఒత్తుగా మారిపోకుండా మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు పెడతాం. సాఫ్ట్‌వేర్ దాన్ని కూడా తెగే చోటుగానే తీసుకుంది. ఏజెన్సీవాళ్ళు సన్నటి వరుస రెండు పక్కలా సమానంగా కనిపించాలని, ఏ అక్షరం దగ్గరైనా తెంచుకోవచ్చని దానికి అనుమతి ఇచ్చేశారు. ‘విప్ప’, ‘రాదు’ విడిపోయింది అందుకే.

మేము మొదట ఆ అనుమతి తీసేసి, కనిపించని గుర్తు దగ్గర కూడా తెగకుండా చేశాం. కుడి అంచు సమానంగా లేకపోయినా పరవాలేదనుకున్నాం. అంకెకూ కొలమానానికీ మధ్య, బొమ్మ అనే మాటకూ దాని సంఖ్యకూ మధ్య మామూలు ఖాళీ తీసి, తెగని ఖాళీ పెట్టాం. ప్రతి మెట్టూ ఒక పేజీలోనే ముగియాలని, హెచ్చరిక పెట్టె దాని మెట్టును విడిచి వేరే పేజీకి పోకూడదని స్టైలులోనే, అంటే పేజీ కూర్పు నియమాల్లోనే, కట్టేశాడు సెల్వరాజు. ఆ తర్వాత పేజీని లాగి వెడల్పు చేస్తాడు, నొక్కి సన్నం చేస్తాడు, లైన్లు ఎలా సర్దుకుంటున్నాయో నేను చూస్తాను. “ఇంగ ఒక తూరి సన్నం చేస్తా, ఉండక్కా” అనడం అతనికి ఊతపదమైపోయింది.

అయినా నాకు తృప్తిగా లేదు. మాటలు తెగడం లేదు, కానీ వాక్యాలు తెగుతున్నాయి. వాక్యం తెగకుండా ఏ సాఫ్ట్‌వేరూ ఆపలేదు.

అప్పుడొక పద్ధతి పెట్టుకున్నాం. వర్క్‌షాపు నుంచి ఒక పాత వాల్వు తెచ్చి బల్లకు బిగించాం. సెల్వరాజు స్పానర్ పట్టుకుని నాకు వీపు పెట్టి నిలబడతాడు. నేను సన్నటి పేజీ ముందు కూర్చుని పైకి చదువుతూ, ప్రతి లైను చివరా ఆగుతాను. విన్నది విన్నట్టు అతను వెంటనే చేసేయాలి. ‘ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత’ అని ఆగాను. అతను మూత తిప్పినట్టు చేయి తిప్పాడు. తర్వాతి లైను ‘తీయరాదు’.

“అక్కా, నేను పోయినాను” అన్నాడు సెల్వరాజు.

ఆ మధ్యాహ్నం అతను చాలాసార్లు పోయాడు. మొదట నవ్వుకున్నాం. తర్వాత నవ్వు ఆగిపోయింది, ఎందుకంటే తప్పు ఎక్కడుందో నాకప్పటికి తెలిసిపోయింది. తెలుగు వాక్యంలో వద్దు, కూడదు, రాదు అన్నీ చివర్న వస్తాయి. చేయవలసిన పని పేరు ముందు వచ్చేస్తుంది. ఇంగ్లీషులో ‘డు నాట్’ మొదటే వస్తుంది కాబట్టి ఇంగ్లీషు పుస్తకం మధ్యలో ఆగినా ప్రాణం తీయదు. ఆ వాక్యాన్ని అలాగే తెలుగులోకి మారిస్తే ఆగిన చోటల్లా అబద్ధం చెబుతుంది.

కాబట్టి వాక్యాలే మార్చాం. ‘వాల్వును ఒక చుట్టుకు మించి విప్పరాదు’ అన్నది ‘ఒక్క చుట్టు మాత్రమే విప్పాలి’ అయింది. ‘వేడిగా ఉన్నప్పుడు మూత తీయరాదు’ అన్నది ‘ముందు ఇంజిన్ ఆపాలి. పూర్తిగా చల్లారాలి. ఆ తర్వాతే మూత తీయాలి’ అయింది. మెట్టులో ఏ మాట దగ్గర ఆగినా, అప్పటిదాకా విన్నది చేసినవాడికి ప్రమాదం ఉండకూడదు. ఇదొక్కటే మా కొలత.

దీనికి ఒక అడ్డు వచ్చింది. హెచ్చరికలో ‘రాదు’ అనే మాట ఉండి తీరాలని భద్రతాధికారి పట్టుబట్టారు. చట్టానికి సంబంధించి ఆయన చెప్పింది సబబే. హెచ్చరిక పెట్టెలో ‘రాదు’ ఉంచాం, పెట్టె మొదట్లోనే పెద్ద అక్షరాల్లో ‘నిషేధం’ అని పెట్టాం. మెట్టులో మాత్రం చేయవలసిందే రాశాం. ఆయన చదివి సంతకం పెట్టారు. డిజైన్ విభాగం వాళ్ళూ పెట్టారు.

రెండో ట్రయల్ రోజు వాన పడుతోంది. నరసింహులు గారు అదే ఇద్దరు ఫిట్టర్లతో వచ్చారు. నేను కొత్త పుస్తకం చేతికివ్వబోతే ఆయన తీసుకోలేదు. ఈ మధ్య గనుల్లో ఫిట్టర్లకు ఫోన్లు ఇచ్చారట. గ్రీజు చేతులతో కాగితం పనికి రావడం లేదు కాబట్టి ఇకమీదట ఫోన్‌లోనే చూస్తారట.

“మీ పుస్తకం ఫోన్‌లో చూపించగలరామ్మా? లేదంటే చెప్పండి, కాగితంతోనే చేస్తాం. ఒప్పందంలో కాగితమే ఉండాది” అన్నారాయన.

శ్రీకంఠయ్యగారు నన్ను పక్కకు పిలిచారు. ఒప్పందంలో లేనిదాన్ని ఒప్పుకోవాల్సిన పని లేదని, కాగితంతో ముగించేద్దామని ఆయన అభిప్రాయం. ఆయన భయం నాకు అర్థమైంది. ఫోన్‌లో పేజీ అన్నది ఉండదు. తెర ఎంత ఉంటే లైను అంత. మేము ఫోన్‌లో ఎప్పుడూ పరీక్షించలేదు. నేను సెల్వరాజు వైపు చూశాను. అతను, “అదే ఫైలు కదక్కా. ఎంత సన్నం చేసినా నిలబడినాది. తెర దానికంటే ఎంత సన్నంగా ఉంటాదని?” అన్నాడు.

ఫోన్‌తోనే చేస్తామని నేను నరసింహులు గారికి చెప్పాను. శ్రీకంఠయ్యగారు పసుపు గీత వెనక్కు వెళ్ళి నిలబడ్డారు. సెల్వరాజు పైకి పరుగెత్తి, అదే ఫైలును ఫోన్‌కు సరిపోయే రూపంలోకి మార్చి తెచ్చేసరికి వాళ్ళు టీలు తాగడం ముగించారు.

ఓబులేసు ఫోన్ అందుకుని కళ్ళు చికిలించాడు. “అచ్చరాలు చిన్నవి, కనపడేదే లేదు” అంటూ వేలితో పెద్దవి చేశాడు. ఇంకా చేశాడు. నేను నిలబడిన చోటికే అక్షరాలు కనిపించాయి. లైనుకు రెండు మాటలు, ఎక్కడో మూడు. మేము నొక్కి చూసిన సన్నటి పేజీ దీని ముందు విశాలమైన మైదానం. ఏమీ చెప్పడానికి వీల్లేదు, గీత వెనక ఉన్నాం.

పని మొదలైంది. నూనె ఫిల్టరు, గాలి ఫిల్టరు, బెల్టు. ఓబులేసు రెండు మాటలు చదువుతాడు, తెర జరుపుతాడు, మళ్ళీ చదువుతాడు. అంకె ఎక్కడా కొలమానాన్ని విడిచిపోలేదు. మాట ఎక్కడా సగంలో తెగలేదు. పెంచలయ్య చేతులు ఆగకుండా పని చేస్తున్నాయి.

వాల్వు మెట్టు వచ్చింది. హెచ్చరిక ముందు వచ్చింది, అతను దాన్ని గట్టిగా చదివాడు. పెంచలయ్య స్పానర్ తగిలించి, తనంతట తానే పక్కకు ఒరిగాడు. పోయినసారి జరిగింది మరిచిపోయేది కాదు కదా. ఓబులేసు, “ఒక్క చుట్టు” అని చదివాడు. అక్కడ తెర అయిపోయింది. జరపబోతే వేలి గ్రీజుకు తెర కదల్లేదు. చొక్కాకు తుడిచి మళ్ళీ జరిపాడు. కదల్లేదు.

పెంచలయ్య ఒక్క చుట్టు విప్పి ఆగాడు. స్పానర్ వదిలేసి చేయి వెనక్కు తీసుకున్నాడు. గ్రీజు తెల్లటి పురుగులా నెమ్మదిగా బయటికి రావడం మొదలైంది, పట్టా వదులైంది. అప్పటికి తెర కదిలింది. “మాత్రమే విప్పాలి” అని ఓబులేసు పూర్తి చేశాడు.

“అయిపోయిండాది లేప్పా. తర్వాత చెప్పు” అన్నాడు పెంచలయ్య.

సెల్వరాజు నా భుజం గట్టిగా పట్టుకున్నాడు. ఆఫీసులో ఇన్నేళ్ళలో అతను అలా చేయడం అదే మొదలు. ఆ తర్వాత ట్రయల్ ముగిసేదాకా ఫిట్టర్లు ఒక్కసారి కూడా వెనక్కు తిరిగి మా వైపు చూడలేదు. తయారీదారుకు అంతకు మించిన మెచ్చుకోలు ఉండదు.

చివర్న నరసింహులు గారు పసుపు గీత దాటి వచ్చి, ఇక మాట్లాడొచ్చు అన్నారు. పెంచలయ్యే ముందు నోరు తెరిచాడు. “ఈ తూరి వాడు చదివేది నిలిపినా నాకు బయం కాలేదమ్మా. యాడ నిలిపినా ఒకటే” అన్నాడు. నేను ఉద్యోగంలో చాలా ప్రశంసాపత్రాలు అందుకున్నాను. ఆ మాటంత సూటిగా నా పనిని ఎవరూ వర్ణించలేదు.

ఆర్డరు వచ్చింది. తర్వాత అదే గనుల నుంచి రెండో ఆర్డరు కూడా వచ్చింది. మా విభాగాన్ని ఎత్తేసే ఫైలు ఏమైందో నేనడగలేదు, ఎవరూ చెప్పలేదు. దానికి బదులు కన్నడ, హిందీ మాన్యువళ్ళు కూడా మాకే అప్పగించారు, ఇద్దరు కొత్తవాళ్ళను ఇచ్చారు, సెల్వరాజుకు సీనియర్ అసిస్టెంట్ హోదా వచ్చింది. శ్రీకంఠయ్యగారు ఆ ఏడాది వార్షిక సమావేశంలో అందరి ముందూ నన్ను నిలబెట్టి, ఎంటర్ కొట్టకుండా ఆర్డరు తెచ్చిన మనిషి అని పరిచయం చేశారు. హాలంతా చప్పట్లు కొట్టింది. బంగారుపేట రైల్లో ఇంటికి వెళుతూ కిటికీ పక్కన కూర్చుని నాలో నేనే నవ్వుకున్నాను. ఎదుటి సీటులో టమాటా బుట్టతో కూర్చున్నావిడ, “ఏమమ్మా, అంత కుశాలగా ఉండావు?” అని అడిగింది. ఆఫీసులో ఒక పని గెలిచిందని చెప్పాను.

సాంకేతిక రచనలోకి వస్తున్నవాళ్ళకు నేను నేర్చుకున్నది ఇది. చదివేవాడి కాగితం ఎంత వెడల్పో, తెర ఎంత చిన్నదో, అతను ఏ మాట దగ్గర ఆగుతాడో రాసేవాడికి తెలియదు. దాన్ని చేత్తో సరిదిద్దాలని చూస్తే పని ఎప్పటికీ తెమలదు. విడిపోకూడని మాటలను సాఫ్ట్‌వేర్‌లోనే కట్టి ఉంచాలి. ఆ తర్వాత మిగిలే ప్రతి వాక్యాన్నీ ఏ మాట దగ్గర ఆపినా నిజమే చెప్పేలా రాయాలి. అలా రాశారో లేదో తెలుసుకోవాలంటే, పని చేసే మనిషిని ఎదురుగా నిలబెట్టి పైకి చదవండి.